మోకాలు మారాలి... నెత్తురు మిగలాలి!

చాట ఒళ్లో ఉంటుంది. ఓ పక్క తడిపిన తునికాకు కట్ట, మరో పక్క తంబాకు, చేతిలో కత్తెర. ఓ కాలు మడిచి కూర్చుంటే మళ్లీ లేచేది అన్నం వేళకే. కొడిమ్యాల, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల... ఈ వైపు ఏ వాడకెళ్లినా మధ్యాహ్నం పూట కనిపించే దృశ్యమే ఇది. చిన్నప్పుడు మొదలుపెట్టిన చేతులు అరవై ఏళ్లొచ్చేసరికి ఎన్ని లక్షల బీడీలు చుట్టాయో ఎవరికీ లెక్క తెలియదు. మోకాళ్లు మాత్రం ఆ లెక్క రాసుకుంటాయి!

అలాంటి ఓ అవ్వను ఊహించుకోండి. వయసు 62. బరువు 55 కిలోలు. గోడ పట్టుకుంటే తప్ప లేవలేదు. పక్కనున్న కొండగట్టుకు వెళ్లినా వాహనం దిగిన చోటునుంచే అంజన్నకు దండం పెట్టి వచ్చేస్తుంది. ఇంట్లోవాళ్లు కరీంనగర్ తీసుకెళ్తే ఎక్స్‌రే చూసిన డాక్టరు 'కీలు మొత్తం అరిగిపోయింది, మార్చాల్సిందే' అన్నాడు. డబ్బులకు దుబాయ్‌లో ఉన్న కొడుకు సరేనన్నాడు. అంతా కుదిరిందనుకున్నాక రక్తపరీక్ష కాగితం వచ్చింది. హిమోగ్లోబిన్ 9.2!

'రెండు యూనిట్ల రక్తం సిద్ధం చేసుకోండి' అన్నమాటతో అసలు కథ మొదలవుతుంది.

'నెత్తురు ఎవలియ్యాలె?'

పెద్దకొడుకు దుబాయ్‌లో. చిన్నకొడుకు భివండిలో మగ్గం మీద. మిగిలింది కోడలు. ఆమెను పరీక్షిస్తే హిమోగ్లోబిన్ 10. మన దేశంలో రక్తం ఇవ్వాలంటే కనీసం 12.5 ఉండాలి, బరువు 45 కిలోలకు తగ్గకూడదు, వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి. కోడలికి కుదరదు. పోనీ కొందామా అంటే అదీ చెల్లదు. డబ్బు తీసుకుని రక్తం ఇచ్చే పద్ధతి సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి 1 నుంచే మన దేశంలో నిషేధం. ఇక తెలిసిన కుర్రాళ్లకు ఫోన్లు కొట్టాలి. ఊళ్లో వయసు కుర్రాళ్లలో ఎంతోమంది గల్ఫ్‌లో ఉండే ప్రాంతంలో అది అంత తేలికా?

ఇది ఒక్క ఇంటి ఇబ్బంది కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అత్తకు అవసరమైతే కోడలు ఇవ్వలేని పరిస్థితి సగానికి పైగా ఇళ్లలో ఉండొచ్చన్నమాట.

అయితే అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ రెండు యూనిట్లు నిజంగా అవసరమా? 'ఎవరిస్తారు' అని వెతికే ముందు 'పోకుండా ఆపలేమా' అని ఎందుకు ఆలోచించకూడదు? ప్రపంచవ్యాప్తంగా ఎముకల డాక్టర్లు రెండు దశాబ్దాలుగా ఆలోచిస్తున్నది దీని గురించే. ఒకప్పుడు మోకాలి మార్పిడి అంటే రక్తం ఎక్కించడం మామూలు తంతు. ఇప్పుడు మంచి కేంద్రాల్లో ఒక మోకాలు మార్చిన వందమందిలో ఆ అవసరం పడేది ఏ కొద్దిమందికో. మధ్యలో ఏం మారిందన్నది తెలిస్తే ఆపరేషన్‌కు వెళ్లే ఏ ఇంటికైనా పనికొస్తుంది.

ఎంత పోతుంది?

ఆడవాళ్ల ఒంట్లో కిలో బరువుకు సుమారు 65 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. మన అవ్వ 55 కిలోలు కాబట్టి మొత్తం మూడున్నర లీటర్లు. ప్రత్యేక జాగ్రత్తలేవీ తీసుకోని రోజుల్లో ఒక్క మోకాలు మారిస్తే లీటరు నుంచి లీటరున్నర దాకా పోయేది. అంటే ఒంట్లో ఉన్నదాంట్లో దాదాపు మూడో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ!

'అదేంటి, థియేటర్‌లో అంత రక్తం కనిపించదే' అనిపించవచ్చు. నిజమే, కనిపించదు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో బ్రిటన్ సర్జన్లు లెక్కగట్టి చూస్తే పోయిన రక్తంలో సగం దాకా కంటికి కనిపించనిదేనని తేలింది. అది బయటికి రాదు, తొడ కండరాల మధ్యకు, కీలు చుట్టూ ఉన్న కణజాలంలోకి ఇంకిపోతుంది. ఆపరేషన్ బాగా జరిగిందని అందరూ సంతోషిస్తుంటే మూడో రోజుకు మనిషి పాలిపోయి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటుంది. కారణం ఇదే.

మోకాలి నుంచే ఇంత ఎందుకు కారుతుంది? కీలు మార్చడమంటే తొడ ఎముక కింది కొసనూ, కాలి ఎముక పై కొసనూ కోసి కొత్త లోహపు తొడుగులు అమర్చడం. ఎముక బయటికి గట్టిగా కనిపించినా ఆ కొసల్లో లోపలంతా స్పాంజిలా ఉంటుంది. రక్తనాళాన్ని ముడివేసినట్టు స్పాంజిని ముడివేయలేరు కదా! పైగా తొడ ఎముక మధ్య గొట్టంలోకి కడ్డీ దూర్చి కొలతలు తీస్తారు. ఆ రంధ్రం గుండా మజ్జ రక్తం వస్తూ ఉంటుంది. అందుకే చాలామంది సర్జన్లు కోసిన ఎముక ముక్కతోనే ఆ రంధ్రాన్ని బిరడాలా మూసేస్తారు. చూడ్డానికి చిన్న పని. పైసా ఖర్చు లేదు. రక్తం మాత్రం మిగులుతుంది.

బెల్టు కట్టినా...

మోకాలి ఆపరేషన్‌కు తొడ పైభాగంలో గాలితో ఉబ్బే బెల్టు కట్టడం పాత అలవాటు. టోర్నికే అంటారు. బీపీ చూసేటప్పుడు జబ్బకు చుట్టే పట్టీలాంటిదే, కాకపోతే అంతకంటే గట్టిది. ఈ గాలిబెల్టును 1904లో వాడుకలోకి తెచ్చింది అమెరికా సర్జన్ హార్వే కుషింగ్. బెల్టు బిగించి ఉన్నంతసేపూ కింద రక్తం రాదు, సర్జన్‌కు అంతా శుభ్రంగా కనిపిస్తుంది. కానీ వదలగానే అంతసేపూ ఆగింది ఒక్కసారిగా పొంగుతుంది. బెల్టు ఆపింది థియేటర్‌లో కనిపించే రక్తాన్నేగానీ తర్వాత లోలోపల కారేదాన్ని కాదు. 2020లో కోక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి పరిశీలిస్తే, బెల్టు కట్టినవారిలో ఆపరేషన్ తర్వాత నొప్పి, తీవ్రమైన ఇబ్బందులు ఎక్కువని తేలింది. దాంతో కొందరు అసలు కట్టడమే మానేశారు. కొందరు సిమెంటు పెట్టే కాసేపే బిగిస్తున్నారు. అలవాటు పడిన చేతులు కాబట్టి పూర్తిగా వదలనివాళ్లూ ఉన్నారు.

ఆపరేషన్ అయ్యాక కీలులోంచి రక్తం బయటికి రావడానికి గొట్టం పెట్టి, సీసా తగిలించడం మరో పాత అలవాటు. సీసా నిండుతుంటే 'చెడు రక్తం పోతోంది' అని చుట్టాలు సంబరపడేవారు. పోతున్నది మంచి రక్తమే! గొట్టం పెట్టినవారికే రక్తం ఎక్కించాల్సిన అవసరం ఎక్కువగా వచ్చిందని తేలాక ఇదీ తగ్గింది.

చంటిబిడ్డను వీపున కట్టుకున్న డాక్టరమ్మ

ఈ కథలో అసలు మలుపు జపాన్‌లో ఉంది. ఉతాకో ఒకమోటో 1918లో పుట్టింది. భర్త షోసుకే ఒకమోటో కూడా పరిశోధకుడే. రెండో ప్రపంచ యుద్ధంలో చితికిపోయిన దేశంలో ప్రయోగశాలకు సామాన్లు దొరకని రోజులవి. రక్తం మీద పరిశోధన ఎందుకంటే, చాలకపోతే తమ రక్తమే తీసుకోవచ్చు కదా అన్నది ఆ దంపతుల లెక్క! పాపను చూసుకోవడానికి ఎవరూ లేకపోతే వీపున కట్టుకుని ల్యాబులో పనిచేసింది ఉతాకో. కాన్పు తర్వాత రక్తం ఆగక చనిపోతున్న తల్లులను బతికించే మందు కనిపెట్టాలన్నది ఆమె పట్టుదల. 1962లో ఆ దంపతులు ట్రనెక్సామిక్ యాసిడ్ గురించి ప్రపంచానికి తెలియజేశారు.

ఈ మందు పనితీరు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. గాయమైనచోట ఒళ్లే రక్తాన్ని గడ్డకట్టించి తూటు పూడుస్తుంది. కాసేపటికి ఆ గడ్డను కరిగించే పనివాళ్లూ ఒంట్లోనే బయల్దేరతారు. మామూలు రోజుల్లో ఈ రెండు పనులూ సమంగా సాగుతాయి. పెద్ద ఆపరేషన్‌లో, అందులోనూ బెల్టు వదిలాక, కరిగించేవాళ్ల జోరు పెరుగుతుంది. అప్పుడే పూడిన తూట్లు మళ్లీ తెరుచుకుంటాయి. ట్రనెక్సామిక్ యాసిడ్ వెళ్లి ఆ కరిగించేవాళ్ల చేతులు పట్టుకుంటుంది. కొత్తగా గడ్డలు పుట్టించదు, ఉన్న గడ్డను నిలబెడుతుంది. అంతే!

విచిత్రమేమిటంటే కాన్పు రక్తస్రావంలో దీన్ని పరీక్షించడానికి ఉతాకో తన ఊరి డాక్టర్లను ఒప్పించలేకపోయింది. దశాబ్దాల పాటు ఈ మందు నెలసరి ఎక్కువయ్యేవారికి బిళ్లగా, పళ్లు పీకేచోట ఉపయోగపడేదిగానే మిగిలింది. 2010లో 40 దేశాల్లో 20 వేలమందికి పైగా క్షతగాత్రుల మీద జరిగిన క్రాష్-2 ప్రయోగంలో ఇది ప్రాణాలు నిలబెడుతుందని తేలింది. అందులో మన దేశపు ఆస్పత్రులూ పాలుపంచుకున్నాయి. మరుసటి ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. 2017లో 20 వేల మంది బాలింతలతో జరిగిన ఉమన్ ప్రయోగం, మూడు గంటలలోపు ఇస్తే రక్తస్రావం వల్ల వచ్చే మరణాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయని చూపింది. ఆ ఫలితాలకు ఏడాది ముందే, 2016లో, ఉతాకో కన్నుమూసింది.

మోకాలికి ఎలా ఇస్తారు?

మూడు దారులున్నాయి. సెలైన్‌లో నరానికి ఇవ్వడం, కీలులోకే నేరుగా వేయడం, లేదంటే ఆపరేషన్‌కు రెండు గంటల ముందు బిళ్లలుగా మింగించడం. మూడూ పనిచేస్తున్నాయి. ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నదాంట్లో ముంబయి సర్జన్లు 2012లో చెప్పుకోదగ్గ పని చేశారు. 240 మంది రోగులను జట్లుగా విడదీసి చూస్తే బెల్టు బిగించే ముందు ఒకసారి, ఆపరేషన్ మధ్యలో ఒకసారి, తర్వాత ఒకసారి ఇచ్చిన జట్టులో రక్తం ఎక్కువ మిగిలింది. 2018లో అమెరికా ఎముకల సంఘాలు కలిసి కీళ్ల మార్పిడిలో ఈ మందు వాడకాన్ని సమర్థిస్తూ మార్గదర్శకాలు ఇచ్చాయి. ఖర్చు సంగతంటారా... కేంద్రం 2017 ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్ల ధరలకు కళ్లెం వేసినప్పుడు లక్షన్నర పైన పలికే కోబాల్ట్ క్రోమియం రకం 54,720 రూపాయలకు దిగింది. దాని పక్కన ఈ ఇంజెక్షన్ ఖరీదు లెక్కలోకే రాదు.

'రక్తం గడ్డ కరగకుండా ఆపుతుందంటే గుండెలోనో, కాలి నరాల్లోనో గడ్డలు కట్టదా?' అన్నది న్యాయమైన భయమే. కీళ్ల మార్పిడిపై వచ్చిన ప్రయోగాల్లో ఆ ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. 2022లో గుండెకు సంబంధించని ఆపరేషన్లు చేయించుకున్న 9,535 మంది మీద జరిగిన పాయిజ్-3 ప్రయోగంలో ఎక్కువ రక్తస్రావం అయినవారు 11.7 శాతం నుంచి 9.1 శాతానికి తగ్గారు. గుండె, రక్తనాళాల ఇబ్బందులు దాదాపు సమానంగానే ఉన్నా 'ఏ మాత్రం తేడా లేదు' అని ఢంకా బజాయించి చెప్పేంత రుజువు మాత్రం దొరకలేదు. కాబట్టి ఈమధ్యే కాలి నరాల్లో గడ్డ కట్టినవారు, మూర్ఛ ఉన్నవారు, కిడ్నీలు సరిగా పనిచేయనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. కిడ్నీ జబ్బులో మోతాదు తగ్గించాలి.

ఇంకో మాట. మోకాలి ఆపరేషన్ తరచూ నడుముకు మత్తిచ్చే చేస్తారు. ఆ మత్తుమందు, ఈ మందు చూడ్డానికి ఒకేలాంటి చిన్న గాజుసీసాల్లో ఉంటే పొరపాటు జరగొచ్చు. ట్రనెక్సామిక్ యాసిడ్ వెన్నులోకి వెళ్తే ప్రాణాంతకం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిమీద ప్రత్యేకంగా హెచ్చరిక చేసింది. రెండు సీసాలనూ ఒకచోట పెట్టకూడదన్నది అందులో ముఖ్యమైన సూచన. ఇది రోగి చేతిలో లేదు, థియేటర్ సిబ్బంది పని.

సగం ఆపరేషన్ ఇంట్లోనే!

మందు ఎంత మంచిదైనా మన అవ్వ హిమోగ్లోబిన్ 9.2. జాగ్రత్తలన్నీ తీసుకున్నా రెండు గ్రాములు పడిపోతే 7.2కు వస్తుంది. అదే 12.5తో వెళ్తే 10.5 దగ్గర ఆగుతుంది. రక్తమే అక్కర్లేదు! ఒకే సర్జన్, ఒకే ఇంప్లాంటు, ఒకే మందు... తేడా అంతా నెల ముందు ఇంట్లో జరిగినదాంట్లో ఉంది. మోకాలు అరగడానికి ఏళ్లు పట్టింది, ఆపరేషన్ నెలన్నర ఆగితే కొంపలేం మునగవు. తేదీ ఖాయం చేసుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందే రక్తపరీక్ష చేయించుకోవాలన్నది అందుకే. ఆ పరీక్షకు పెద్ద ఊరు పోనక్కర్లేదు, దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చాలు. అంతకు మించి చూపించుకోవాలంటే జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి.

రక్తం తక్కువుందని తెలిశాక 'ఎందుకు తక్కువుంది' అని వెతకాలి. నెలసరి ఆగిపోయిన అరవై ఏళ్ల మనిషికి ఐరన్ తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అనుమానించాలి. మోకాళ్ల నొప్పులవారిలో ఆ 'ఎక్కడో' తరచూ కడుపే. ఏళ్ల తరబడి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి గోలీలు కడుపులో పుండ్లు చేస్తాయి. అక్కడినుంచి చుక్క చుక్క రక్తం పోతుంటే ఎవరికీ తెలియదు. మలం నల్లగా తారులా ఉంటే అదే గుర్తు. చెప్పుల్లేకుండా పొలంలో నడిచేవారికి పట్టే కొంకిపురుగులూ ఇదే పని చేస్తాయి. తూటు మూయకుండా కుండలో నీళ్లు పోస్తే ఏం లాభం?

ఐరన్ బిళ్లలు మొదలుపెట్టినవాళ్లు పడేసేది రెండు కారణాలతో... కడుపులో వికారం, మలం నల్లబడటం. బిళ్ల వల్ల మలం కాస్త నల్లబడటం మామూలే. వికారం ఉంటే డాక్టర్నడిగి రోజు విడిచి రోజు వేసుకోవచ్చు. బిళ్ల వేసుకున్న వెంటనే చాయ్ తాగితే మాత్రం వేసుకున్న ఫలం సగం పోతుంది. చాయ్‌తో పొద్దు మొదలై చాయ్‌తోనే ముగిసే ఇళ్లకు ఇది కష్టమైన పథ్యమే! భోజనంతోపాటు జాంపండు తినడం మాత్రం తేలిక. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు అన్నంతోపాటు జాంపండు తినిపించి కొలిస్తే ఒంటికి పట్టే ఐరన్ రెట్టింపైంది. వ్యవధి తక్కువుంటే, బిళ్లలు పడకపోతే ఐరన్‌ను సెలైన్‌లో కలిపి ఆస్పత్రిలోనే ఎక్కిస్తారు. రెండు నుంచి నాలుగు వారాల్లో ఫలితం కనిపిస్తుంది.

రక్తం పలచబడే మందుల సంగతి మరీ జాగ్రత్త. గుండెకు స్టెంట్ వేసినవారు, పక్షవాతం వచ్చి తేరుకున్నవారు వాడే మందులు ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో గుండె డాక్టరు, ఎముకల డాక్టరు మాట్లాడుకుని చెప్పాలి. కొన్నింటిని ఐదారు రోజుల ముందు, కొత్త రకాలను రెండు మూడు రోజుల ముందు ఆపుతారు. ఎవరో చెప్పారని సొంతంగా ఆపేస్తే మోకాలు బాగుపడే లోపు గుండె మొరాయించవచ్చు.

ఇక 'ఒకేసారి రెండూ చేయించుకుంటే పోలా?' అన్న ఆశ. ఖర్చు, సెలవులు, దుబాయ్ నుంచి వచ్చే కొడుకు టికెట్... అన్నీ కలిసొస్తాయి. కానీ పోయే రక్తం కూడా దాదాపు రెట్టింపే. రక్తం తక్కువున్న, గుండె బలహీనంగా ఉన్న, పెద్ద వయసు మనిషికి విడివిడిగా చేయించడమే నయం.

అంకె ఒక్కటే కాదు

ఒకప్పుడు ఆపరేషన్ తర్వాత హిమోగ్లోబిన్ 10 కంటే తగ్గితే సీసా తగిలించేవారు. ఇప్పుడా పద్ధతి మారింది. నిలకడగా ఉన్నవారికి 7 దాకా, ఎముకల ఆపరేషన్ అయినవారికి, గుండె జబ్బున్నవారికి 8 దాకా ఆగవచ్చన్నది నేటి మాట. ఆయాసం, గుండెదడ, ఛాతీలో నొప్పి, నిలబడలేనంత కళ్లు తిరగడం ఉంటే మాత్రం అంకె కోసం చూడరు. ఎక్కించాల్సి వస్తే ఒక యూనిట్ ఎక్కించి, మళ్లీ చూసి రెండోదాని సంగతి తేల్చాలి. 'జంటగా ఎక్కించాలి' అన్న పాత నమ్మకానికి ఆధారం లేదు. రక్తం అమృతమే కావచ్చు, కానీ అది వేరేవాళ్ల ఒంట్లోది. ఎంత పరీక్షించినా జ్వరం, అలర్జీ, ఇన్‌ఫెక్షన్ల ముప్పు కొద్దిగా ఉండనే ఉంటుంది.

ఇంటికొచ్చాక తొడ నుంచి పిక్క దాకా ఊదారంగు మచ్చ దిగితే ఇంట్లోవాళ్లు హడలిపోతారు. లోపల ఇంకిన రక్తం కిందికి జారుతోందంతే. రెండు మూడు వారాల్లో పచ్చగా, పసుపుగా మారి పోతుంది. కట్టు మాటిమాటికీ తడిసిపోవడం, పిక్క గట్టిపడి నొప్పి పెట్టడం, ఆయాసం, నల్లటి మలం... వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు. ఇక్కడో తిరకాసుంది. ఆపరేషన్ రోజున గడ్డ కరగకుండా మందిచ్చిన డాక్టరే మర్నాటి నుంచి గడ్డ కట్టకుండా బిళ్లలు రాస్తాడు. రెండూ ఎదురెదురుగా కనిపిస్తాయిగానీ కాదు. మొదటిది కోసిన గాయం కోసం, రెండోది కదలకుండా పడుకున్న కాలి నరాల కోసం. మొదటిది కొన్ని గంటలే పనిచేస్తుంది. అందుకే రాసిన బిళ్లలు మానకూడదు, రాయని నొప్పి గోలీలు కలపకూడదు.

నెల తర్వాత కుట్లు మానాయో లేదో చూపించుకోవడానికి వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్ కూడా ఒకసారి చూపించుకోవాలి. ఐరన్ బిళ్లలు డాక్టరు ఆపమనేదాకా, మామూలుగా మూడు నెలల దాకా కొనసాగుతాయి. ఆ రక్తపరీక్ష కాగితాన్ని ఏ దేవుడి పటం వెనకో, బీరువాలోనో భద్రంగా దాచాలి. రెండో మోకాలికి వెళ్లినప్పుడు డాక్టరు మొదట అడిగేది దాన్నే.